పేరు అడగని మెస్సు

1985 ఎండాకాలం. సత్తెనపల్లిలో మిర్చి గోదాముల పక్కన నా మెస్సు. లోడింగ్, అంటే బస్తాలు లారీకెక్కించడం, తెమిలేదాకా డ్రైవర్లు రెండు మూడు రోజులు నా దగ్గరే తినేవాళ్లు. మా అత్తగారి నాటినుంచి మాకొక కట్టుబాటు ఉంది: ఆకు ముందు కూర్చున్నవాణ్ణి పేరూ ఊరూ అడగకూడదు. అడిగితే అది కులం దాకా పోతుంది.

ఆ ఏడు ఢిల్లీలో సిక్కు తీవ్రవాదులు రేడియోల్లో బాంబులు పెట్టారని ఊళ్లో ఒకటే భయం. తలపాగా కనబడితే జనం పక్కకు జరిగేవాళ్లు. కానిస్టేబుల్ వచ్చి నా చేతిలో ఓ నోటుపుస్తకం పెట్టాడు.

"పై రాష్ట్రాలవాళ్లు ఎవరొచ్చినా ఇందులో రాయాలి మామ్మా. పైనుంచి ఆర్డరు."

నేను చదివింది మూడో తరగతి. పెన్సిలూ, మాటలూ రెండూ పొదుపే. ఆరేళ్లుగా వస్తున్న పంజాబీ డ్రైవరు ఎప్పటిలాగే తన రేకుపెట్టె నా వంటింట్లో పెట్టి లోడింగ్‌కు పోయాడు. "తలపాగా మనిషి, రేకుపెట్టె" అని రాశాను. పాతవాడనీ, మంచివాడనీ రాయలేదు.

సాయంత్రానికి పోలీసులు ఆ పుస్తకం చూసి అతన్ని పట్టుకుపోయారు. పెట్టెలో పెనం, గోధుమపిండి, నేనిచ్చిన ఆవకాయ ఉన్నాయి. మర్నాడు స్టేషన్‌కు వెళ్లాను.

"ఆరేళ్లు అన్నం పెట్టానంటావు, పేరు తెలీదంటావు. పేరు దాచాడంటే ఏదో ఉన్నట్టేగా?" అన్నాడు ఎస్సై.

"దాచలేదయ్యా. నేనే అడగలా."

"ఆ మాట పుస్తకంలో లేదే!"

"ఇంతకీ కేసేంటి?"

"ఇప్పుడు కేసుతో పనేముంది మామ్మా? రోజులట్టా ఉన్నాయి."

తొమ్మిది రోజులు ఉంచారు. రోజూ క్యారేజీ మోసుకెళ్లాను. లోపలికి చేరిందో లేదో ఎవరూ చెప్పలేదు.

పదో రోజు వచ్చాడు. తలపాగా లేదు, జుట్టుకు తువ్వాలు చుట్టుకున్నాడు. చేతులు కడుక్కుని ఆకు ముందు నిలబడ్డాడు. తన పేరు, తండ్రి పేరు, ఊరు, లారీ నంబరు వరసగా చెప్పాడు.

"రాస్కో మామ్మా. తర్వాత తింటా."

"కూర్చోరా నాయనా, అన్నం చల్లారిపోతోంది."

"ముందు రాస్కో."

రాసిందాకా కూర్చోలేదు.

దేశానికి భయమేస్తే పోలీసుకు బలమొస్తుందంటారు. ఆ బలంలో నా పెన్సిలు ముక్క పాలూ ఉందని ఆ పూట తెలిసింది. పుస్తకం మర్నాడే స్టేషన్లో ఇచ్చేశాను, ఏమన్నా చేసుకోండని. పాత కట్టుబాటు నిలబెడదామనీ చూశాను. కానీ మిగతా డ్రైవర్లు కూడా, నేను అడగకుండానే, పేరు చెప్పి కూర్చోవడం మొదలుపెట్టారు.