మా అయ్య గొంతు టీవీలో వచ్చిన సాయంత్రం

మా అయ్య కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టర్లలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవి. ఏడాదికోసారి అందరూ కలిసి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఒక చారిత్రక నాటకం వేసేవారు. శత్రువులు కోటను చుట్టుముట్టినా లొంగనని కూర్చున్న ముసలి రాజు కథ. పద్దెనిమిదేళ్లు ఆ రాజు మా అయ్యే. నా పన్నెండో ఏటి నుంచి రాజు కూతురి వేషం నాది. అయ్య చదివింది అయిదో తరగతి. అయినా పద్యం ఎత్తుకుంటే ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు.

నాకు పదహారేళ్లప్పుడు ఆ నాటకానికి టీవీలో అవకాశం వచ్చింది. కలకత్తాకి టీవీ వచ్చి అప్పటికి కొన్నేళ్లే. భవానీపూర్‌లో ఉండే ఒక ఆఫీసరుగారు మా తెలుగు సంఘానికి కార్యదర్శి. ఆయనే తిరిగి తిరిగి నలభై నిమిషాలు సంపాదించారు. ముందుగా టేపులో పట్టడం లేదట. స్టూడియోలో మేం ఆడుతుంటే అదే క్షణాన ఇళ్లలో కనిపిస్తుందట. తప్పు జరిగితే దిద్దుకునే వీలుండదని రెండు వారాలు రిహార్సల్స్ పెట్టారు.

మొదటి రోజే అయ్య గొంతుకి మైకు అదిరింది. ప్రొడ్యూసరు బెంగాలీ, మంచివాడే. “దాదా, ఏక్టు ఆస్తే” అని అరచెయ్యి కిందికి దించి చూపించాడు, కాస్త మెల్లగా అన్నట్టు. అయ్య తగ్గించాడు. కానీ చివరి బెంచీ దాకా వినబడాలని ఏళ్ల తరబడి పెంచిన గొంతు అది. రెండు పాదాలు అణిగి ఉండి మూడో పాదంలో లేచిపోయేది. చేతులు కూడా అంతే, కెమెరాకి అందకుండా పోయేవి. ఇంటికొచ్చాక మోచేతులు ఒంటికి ఆనించుకుని అద్దం ముందు సాధన చేసేవాడు.

“ఏటలాగ, రెక్కలు ఇరిసీసిన కోడిలాగ” అని అమ్మ నవ్వేది. తనూ నవ్వేవాడు.

ప్రసారం ఇంకా నాలుగు రోజులుందనగా కార్యదర్శిగారు నన్ను పక్కకి పిలిచారు.

“అమ్మా, మీ నాన్నగారు కెమెరాలో ఇమడటం లేదు, రాజు వేషం నేను వేస్తున్నాను. ఆయన వెనక నుంచి పద్యాలు పాడతారు. ఆయనకి మేమే చెబుతాం, నువ్వు తొందరపడకు. ఆయన అలిగి రాకపోతే కార్యక్రమమే ఆగిపోతుంది. నీ వేషం కూడా పోతుంది.”

ఆ చివరి మాట ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం అదొక్కటే చెవిలో మిగిలింది. టీవీలో కనబడతానని అప్పటికే స్కూల్లో అందరికీ చెప్పేశాను. నాలుగు రోజులూ మా ఒంటి గది ఇంట్లో, అద్దం ముందు కష్టపడుతున్న అయ్యని చూస్తూ నోరు విప్పలేదు. మూడో రోజు నన్నే అడిగాడు.

“నిన్నటికంటే తగ్గిందేటి గొంతు?”

“తగ్గింది” అన్నాను.

ప్రసారం రోజు రాజు దుస్తులు తనే ఇస్త్రీ చేసి సంచీలో పెట్టుకుని స్టూడియోకి తెచ్చాడు. మేకప్ గదిలోకి వెళ్లబోతుంటే సంఘం వాళ్లు వరండాలో అందరి మధ్యా ఆపి చెప్పారు. నేను పక్కనే ఉన్నాను, ముఖానికి రంగేసుకుని. అయ్య అంతా విని సంచీ కార్యదర్శిగారి చేతికిచ్చాడు.

“నడుం కాడ వదులు. పిన్నీసెట్టుకోండి బాబూ.”

తర్వాత నాకేసి తిరిగాడు.

“నీకు ముందే తెల్సేటి?”

నేను తల దించుకున్నాను. 

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. ప్లైవుడ్ కోటగోడ వెనక అయ్య స్టూలు మీద కూర్చున్నాడు, ఎదురుగా మైకు. ఆఖరి ఘట్టంలో నేను రాజు కాళ్ల మీద పడతాను. రాజు నన్ను లేవనెత్తి పద్యం చెబుతాడు. కార్యదర్శిగారి పెదవులు కదులుతున్నాయి, చెమటకి పౌడరు చారలు కడుతోంది. గొంతు గోడ వెనక నుంచి వస్తోంది. అయ్య అంత బాగా ఎప్పుడూ పాడలేదు. మెల్లగా, ఒక్క మనిషికి చెవిలో చెబుతున్నట్టు పాడాడు. రెండు వారాలుగా వాళ్లడిగింది అదే. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. చాలా సహజంగా నటించానని తర్వాత అందరూ మెచ్చుకున్నారు.

చివర చూపించిన పేర్లలో అయ్య పేరు లేదు. పాడినవాళ్ల పేరుతో అట్ట రాయించడం మరిచిపోయామన్నారు.

క్వార్టర్లలో ఉన్నది ఒకటే టీవీ. కరెంటు ఎప్పుడు పోతుందోనని బితుకుబితుకుమంటూ దాని ముందు కూర్చున్న జనం, గొంతు ఒకరిదీ ముఖం ఒకరిదీ కావడంతో సెట్టు పాడైందనుకున్నారట. అమ్మ మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేసింది. మేం వెళ్లేసరికి వంట దగ్గర ఉంది.

“ఎవుడాడు?” అని అడిగింది.

“సంఘం బాబు” అన్నాడు అయ్య. 

మరుసటి ఏడు ఇన్‌స్టిట్యూట్‌లో మళ్లీ నాటకం వేశారు. రాజు అయ్యే. కూతురి వేషానికి సంత్రాగాఛి నుంచి ఇంకో పిల్లని తెచ్చారు. నాకు ఎవరూ కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. ముందు వరసలో కూర్చుని, ఆ పిల్లని అయ్య లేవనెత్తడం చూశాను.

నాకు పెళ్లయి కూతురు పుట్టాక, అయ్య రిటైరయ్యాక, ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగాను.

“నాను ముందే సెప్పుంటే నువ్వు రాకపోదువేటి అయ్యా?”

“ఎందుకు రాను? వచ్చీవోణ్ణే. గోడెనకాలే పాడీవోణ్ణే. నాటకం పాడు సేస్తానేటి?”

“మరి తేడా ఏటి?”

“తెలిసి వచ్చీవోణ్ణి. అంతమందిలో నిలబడి ఇనాల్సొచ్చీది కాదు.”

నేను కార్యదర్శిగారిని తిట్టడం మొదలుపెట్టాను. అయ్య మధ్యలోనే ఆపేశాడు.

“ఆ బాబు నాకేటవుతాడు? పరాయోడు” అన్నాడు. లేచి, నిద్ర లేచిన మనవరాలిని ఎత్తుకుని బయటికి వెళ్లిపోయాడు.