శ్రీశైలమ్మ కుశలప్రశ్న

ఆదోనిలో అందరూ "బాగుండావా?" అని పలకరిస్తే, శ్రీశైలమ్మ మాత్రం "ఒంటికి పోయినావా?" అని పలకరిస్తుంది. చుట్టమైనా, కూరగాయలవాడైనా, కరెంటు బిల్లు కొట్టేవాడైనా ముందు మూత్రం సంగతి తేలాలి. మర్యాదలు తర్వాత.

కోడలు సుకన్యకు ఈ అత్తతో వీధిలో నడవడమంటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది. ఒక ఎండాకాలం ఇంటికొచ్చిన స్వామీజీ, దేహం మిథ్య అని అందుకున్నాడు.

"అది సరే స్వామీ, ఎండన పడి వచ్చినారు. ఒంటికి పోయినారా?"

స్వామీజీ మిథ్యను అక్కడే వదిలి పెరట్లోకి నడిచాడు.

"అందరి ముందర అదేం అడిగేది అత్తా? మానం పోతాంది!" అంది సుకన్య.

"మానం పోతే మళ్లా వస్తాది. ఒంటికి రాకుంటేనే కష్టం."

సుకన్య తల్లి లింగమ్మది ఎమ్మిగనూరు. కూతురి పెండ్లిలో, నిండు పందిట్లో ఇదే ప్రశ్న ఎదురైనప్పటి నుంచి వియ్యపురాలితో మాటల్లేవు. ఆ లింగమ్మ పక్కింటి విందులో మిగిలిన కుర్మా మరునాడు తిని, వాంతులతో మంచం పట్టిందని కబురొచ్చింది. సుకన్య బస్సెక్కితే, పిలవకుండానే శ్రీశైలమ్మా ఎక్కింది.

అక్కడ మంచం చుట్టూ భక్తి పొంగిపొర్లుతోంది. ఒకరు ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తుంటే, ఇంకొకరు ముడుపు కడుతున్నారు. లింగమ్మ కళ్లు లోతుకు పోయాయి. నాలుక పిడచకట్టింది.

"రెండు మూడు దినాలకి అదే తగ్గుతాదిలే," అన్నాడు లింగమ్మ తమ్ముడు నాగప్ప.

"తగ్గుతాది, కాదన్నదెవరు? తాగిన నీళ్లు కడుపులో నిలిస్తే తగ్గుతాది. వదినా, ఒంటికి పోయినావా?"

లింగమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. సుకన్యకు ఈసారి సిగ్గు వేయలేదు, భయం వేసింది.

"సెప్పుమ్మా!" అంది తల్లితో.

"నిన్న పొద్దున పోయినా. మళ్లా రాలేదు."

"నీళ్లు తాపితే?"

"తాపినవన్నీ కక్కుతాంది," అని నాగప్ప నసిగాడు.

"ఇంగా దిష్టి తీస్తాండారా! ఆ మిరపకాయలు చారులోకి దాసిపెట్టుకోండి. ఆటో పిలవండప్పా!"

ఆస్పత్రిలో సెలైన్ పెడుతూ నర్సు ఆ ముడుపుల మందను చూసి, "ఇంకా ఆలస్యం చేసింటే కిడ్నీలకే దెబ్బ," అని కసిరింది. సీసా మీద సీసా ఎక్కింది. శ్రీశైలమ్మ మంచం పక్క నుంచి కదల్లేదు. సాయంత్రానికి లింగమ్మ గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చింది.

"మా వదిన ఒంటికి పోయొచ్చిందప్పో!" అని శ్రీశైలమ్మ వార్డంతా వినేలా కేకేసి, పక్క మంచాలకు అరటిపండ్లు పంచింది. మనవడు పుట్టినప్పుడు కూడా అంత సంబరపడలేదు.

కొన్నాళ్లకు శ్రీశైలమ్మ ఫోను మోగింది. అవతల లింగమ్మ. హలో లేదు, బాగుండావా లేదు.

"వదినా, ఎండలు మండుతాండాయి. ఒంటికి పోయినావా?"

ఫోను స్పీకర్‌లో ఉంది, చుట్టూ పదిమంది వింటున్నారు. శ్రీశైలమ్మ జన్మలో మొదటిసారి సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సెప్పత్తా," అంది సుకన్య, "మానం పోతే మళ్లా వస్తాది."