టీమ్‌లోంచి తీసేసే ఫెర్గస్

ఫెర్గస్ కిన్నెయిర్డ్‌కి మనుషుల్ని టీమ్‌లోంచి తీసేయడం ఒక వ్యసనం. కొందరికి కాఫీ పడందే తెల్లవారదు. ఈయనకి ఒకణ్ణి తీసేయందే ప్రాక్టీస్ మొదలవదు. మూడేళ్ళలో నన్ను నలభై ఒక్కసార్లు తీసేశాడు. ఒకసారైతే నేనింకా కార్ పార్క్ చేస్తున్నాను.

"కోచ్, నేనింకా గ్రౌండ్‌లోకే రాలేదు!"

"నువ్వు కార్ దిగే తీరు చూశాను. నడుం పట్టేసింది. ఇంటికి పో."

స్కాట్లండ్ మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. మెడ ఉండాల్సిన చోట కూడా భుజాలే ఉంటాయి. చెవులు నూనెలో ముడుచుకుపోయిన అప్పడాలు. రగ్బీలో ఫార్వర్డ్‌గా, అంటే తలలు దించి అవతలివాళ్ళని ఎద్దుల్లా నెట్టే వరసలో, పదమూడేళ్ళు ఆడాడు. దేశం తరఫున మాత్రం ఒకే ఒక్క మ్యాచ్. ఆ తర్వాత రెండు దేశాల్లో కోచింగ్ చేసి, చివరికి మా ఊరు ఇర్వింగ్‌లో, వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే మా తెలుగువాళ్ళ రగ్బీ క్లబ్‌కి దక్కాడు.

పొగడ్త ఆయన నోట రాదు. మా టీమ్‌లో అవినాష్ జీవితంలో మొదటిసారి బంతిని గీత దాటించి, చేతులు చాపి పరిగెత్తుకొస్తే, "కుంటుతున్నావు, బయటికి రా" అన్నాడు.

"ఆఫీస్‌లో లేఆఫ్ భయం చాల్లేదా? వీకెండ్ కూడా తీయించుకోవాలా?" అనేది నా భార్య నళిని.

నిరుడు లీగ్ ఫైనల్‌కి వచ్చాం. ఇంకా పది నిమిషాల ఆట ఉంది, రెండు పాయింట్లు ముందున్నాం. ఒకణ్ణి పడగొట్టబోతే వాడి మోకాలు నా కణతకి తగిలింది. లేచి నిలబడేసరికి కోచ్ ఎదురుగా ఉన్నాడు.

"ఇవాళ ఏ వారం?"

"శనివారం."

"ఎవరితో ఆడుతున్నాం?"

అది మాత్రం గుర్తు రాలేదు. "ఎవరైతే ఏం కోచ్, గెలుస్తున్నాం కదా!"

"నిన్ను తీసేశాను."

నా బదులు దిగడానికి ఎవరూ మిగల్లేదు. అప్పటికే అందర్నీ వాడేశాడు మహానుభావుడు. పదిహేను మంది ఉండాల్సిన చోట పద్నాలుగు మందితో ఆడి మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆయన మొహమ్మీదే అరిచాను. "మీకు గెలవడం చేతకాదు, ఇంకొకళ్ళని గెలవనివ్వరు!"

ఆయన నన్ను చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

మంగళవారం మీటింగ్ పెట్టారు. "కోచ్‌ని మార్చాలన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నారు సెక్రటరీ ధర్మారావుగారు, ఫెర్గస్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకునే. ఎత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

గురువారానికి నా తలనొప్పి మాటలు తడబడే దాకా వచ్చింది. నళిని హాస్పిటల్‌కి లాక్కెళ్ళింది. స్కాన్‌లో, లోపల కొంచెం రక్తం గూడు కట్టిందని తేలింది. "ఆ రోజు ఇంకో దెబ్బ తగిలుంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు" అంది డాక్టర్.

ధర్మారావుగారికి ఫోన్ చేసి చెప్పాను.

"అయ్యో, అలాగా! కానీ కొత్త కోచ్‌కి మాటిచ్చేశాం కదండీ" అన్నారాయన.

మూడు వారాలకి డాక్టర్ బయట తిరగొచ్చంది. నళినిచేత డ్రైవ్ చేయించుకుని ఫెర్గస్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. జార్జియా రాష్ట్రంలో, కమ్మింగ్‌లోని క్లబ్ ఒకటి పిలిచిందట, పెట్టెలు సర్దుకుంటున్నాడు. టీవీలో ఏదో పాత మ్యాచ్ నడుస్తోంది.

"దేశం తరఫున నేనాడింది ఇదే. ఆ ఐదో నంబర్ నేనే" అన్నాడు. "రెండో నిమిషంలో తలకి తగిలింది. మా కోచ్ నన్ను సింహం అని పొగిడి మళ్ళీ లోపలికి తోశాడట. ఆ తర్వాతది ఒక్క ముక్క గుర్తులేదు. ఎన్నిసార్లు చూసినా ఎవడో ఆడుతున్నట్టే ఉంటుంది."

"కోచ్, ఆ రోజు నేనూ చెయ్యెత్తాను."

"చూశాను. ఎడమ చెయ్యెత్తావు. కుడి భుజం ఇంకా నొప్పేనా?"

అంతలో టీవీలో, ఐదో నంబర్ చొక్కా వేసుకున్న ఓ బక్కపలచటి కుర్రాడు తూలుకుంటూ ఎదుటి టీమ్ వైపు వెళ్ళి నిలబడ్డాడు. ఫెర్గస్ సోఫాలోంచి ఎగిరి లేచాడు.

"వాణ్ణి తీసేయండిరా, దరిద్రుల్లారా!"

నళినీ నేనూ ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు. ఆయన నా వైపు గుర్రుగా చూసి టీవీ కట్టేశాడు.

"మరీ అలా ఊగిపోతూ నవ్వకు. తలకి మంచిది కాదు."