టీ రంగు

బేతంచెర్లలో ముప్పయ్యేళ్లు నాపరాళ్లకు పాలిష్ పట్టిన దానియేలుకు ముందు బండ మీద చెంబెడు నీళ్లు చల్లి చూడడం అలవాటు. తడిస్తేనే రాయి అసలు రంగు బయటపడుతుందంటాడు. ఇప్పుడు టీని కూడా అట్లాగే చూస్తాడు. కర్నూలు ఆసుపత్రిలో గొంతు క్యాన్సరుకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకున్నాక అతని నోరు చచ్చిపోయింది. ఆర్నెల్లలో రుచి తిరిగొస్తుందన్నారు. ఏడాదిన్నరయింది. వారానికో కొత్త టీపొడి తెచ్చుకుంటాడు. సన్న పొడి, మోటు ఆకు, ఏలకులు కలిపింది, ఆఖరికి పాస్టరమ్మ ఇచ్చిన దారం కట్టిన టీ సంచులు కూడా అయ్యాయి. ఆ సంచుల్ని భార్య విశ్వాసమ్మ కత్తెరతో కోసి, లోపలి పొడిని పాలల్లో మరగబెట్టింది. దానియేలు గాజు గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, "పసుపు రాయి మాదిరుండాది" అన్నాడు. తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకొని, కళ్లు మూసుకొని చాలాసేపు అట్లాగే ఉంచుకున్నాడు. రుచి సంగతి అతడు చెప్పడు, ఆమె అడగదు.

మొన్న తెల్లవారుజామున ఇంట్లో కరెంటు పోయింది. అతడు పుక్కిలించడానికి ఉప్పేసిన వేన్నీళ్లు స్టీలు గ్లాసులో మంచం పక్కన పెట్టి, విశ్వాసమ్మ చీకట్లో టీపొడి డబ్బా వెతుక్కుంటోంది. గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. వచ్చి తడిమి చూస్తే ఖాళీగా ఉంది.

"నిన్న తెచ్చిన పొడేనా మే ఇది?" అన్నాడు దానియేలు. "చీకట్లో కనపళ్లేదు. రంగెట్లొచ్చింది?"

విశ్వాసమ్మ ఆ ఉప్పునీళ్ల గ్లాసును మంచం పక్కనుంచి తీసేసింది.

"శానా ఎర్రగా వచ్చిండాది" అంది.