బావగారి షెడ్డులో గుళికలు

మడ అడవిలో వాచరుగా చేరిన రెండో ఏడు, పాయ ఒడ్డున ఒక నీటికుక్క చచ్చి కనబడింది. పైకి గాయమేమీ లేదు. అడవినానుకున్న రొయ్యల చెరువు మా అక్క మొగుడిది. నీటికుక్కలు గట్టు దాటొచ్చి రొయ్యలు తినేస్తున్నాయని వారం ముందే ఆయన నా దగ్గర గోలపెట్టేరు. "మీ అడవోళ్ళకి పట్టకపోతే నా తిప్పలు నేను పడతాను" అన్నారు. శవాన్ని చూడగానే నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

రేంజరు గారు వచ్చి, "ఎవరి మీదైనా అనుమానమా?" అనడిగేరు.

"లేదండీ" అన్నాను.

సాయంత్రం చెరువు దగ్గరికెళ్ళేను. బావగారు టీ పోసిచ్చేరు. ఆయన మోటారు చూడ్డానికెళ్ళగానే షెడ్డులో దూరి మేత బస్తాల వెనక తడిమేను. సగం వాడిన పురుగుమందు గుళికల పొట్లం దొరికింది. తిరిగేసరికి ఆయన గుమ్మంలో ఉన్నారు.

"ఏం వెతుకుతున్నావు?"

"ఈ గుళికలెందుకు బావగారూ?"

"చేలో పురుగు పట్టింది, తెచ్చేను." ఒక్క క్షణం నా మొహంలోకి చూసేరు. "ఓహో. నేనే చంపేననుకుంటున్నావా?"

పొట్లం పట్టుకెళ్ళి రేంజరు గారికిచ్చేసేను. ఆ రాత్రే అక్క ఫోన్ చేసి, "నా మొగుణ్ణి జైలుకి పంపుతావా తమ్ముడూ?" అని ఏడ్చింది.

మూడోరోజు పశువుల డాక్టరు గారు నీటికుక్క బొచ్చు పక్కకి తీసి చూపించేరు. మెడ చుట్టూ సన్నటి కోత.

"విషం కాదండీ. వలలో చిక్కి నీళ్ళలో ఊపిరాడక పోయింది."

మర్నాడు పడవేసుకుని పాయంతా గాలించేం. చెట్ల వేళ్ళకి చుట్టుకుని, ఎవరో వదిలేసిన చిరుగు వలలు గుట్టెడు వచ్చేయి. ఎవరివని ఊళ్ళో అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు.

బావగారి దగ్గరికెళ్ళి, తప్పయిపోయిందన్నాను.

"ఆయ్, దానికేముంది. షెడ్డు తీసే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి చూసుకోండి వాచరు గారూ" అన్నారు.

అక్క పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను 'మీరు' అనడం అదే మొదలు. ఇప్పటికీ అలాగే అంటారు. ఆ గుళికలు చేనుకే అని నేను నమ్మేను. ఆయన చేను గట్టు మీద నడిచినప్పుడు మాత్రం, వరి దుబ్బుల మొదట్లోకి వంగి చూస్తూంటాను.