వాహెద్ జాగా

పరశురాములు సారు హుస్నాబాద్‌లో ఫిజిక్స్ చెబుతారు. టీ కొట్టు దగ్గర కూర్చున్నా ఆయన చేతులు ఊరుకోవు. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరితో బిగించి పట్టిస్తారు. నడుమ తాళాలగుత్తి పెట్టి, అంచున ఒక బఠాణీ గింజ వదులుతారు. అది దొర్లుకుంటూ గుత్తిని చేరగానే మీసాల్లో నవ్వుకుంటారు. "చూసిన్రా? భూమి గుంజుతలేదు. బరువున్న కాడ జాగనే వంగుతది." మొన్ననే ప్లాటు కొన్న వాహెద్ ఆ మాట విని టీ గ్లాసు కింద పెట్టేశాడు. "సార్, రెండంతస్తులేస్తే నా జాగ గూడ వంగుతదా?"

అందరూ నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు. ఎదుటివాడికి ధైర్యం చెప్పడానికైనా అబద్ధమాడడం ఆయనకు చేతకాదు. "వంగుతది వాహెద్ భాయ్. కని ఏ టేపు వెట్టి కొలిచినా దొర్కదు."

వాహెద్ మొహం విప్పారింది. "టేపుకు దొర్కదా? గట్లయితే మూడంతస్తులేస్త!"