వెర్నా కోల్టర్‌మన్ సందేహాలు

వెర్నా కోల్టర్‌మన్‌కి ఒకటే జబ్బు. అర్థం కానిది అడగకుండా ఉండలేదు, మెల్లగా అడగనూ లేదు. ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపిన గొంతు అది. ఆవిడ లైబ్రరీలో సందేహం అడిగితే, ఎదుటి మంగలిషాపులో గడ్డం గీయించుకునేవాడు ఉలిక్కిపడి గాటు పెట్టించుకున్నాడని నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్లో చెప్పుకుంటారు.

పన్నుల కాలంలో ఆ లైబ్రరీలో కూర్చుని, పైసా పుచ్చుకోకుండా జనానికి రిటర్నులు నింపిపెట్టేవాడు గిల్బర్ట్ సెడ్లాచెక్. వరసలో వెర్నా కనిపిస్తే పాపం ఆయన ముందుగానే ఓ కప్పు కాఫీ తాగి సిద్ధమయ్యేవాడు.

ఆ శనివారం ఆవిడ గసగసాలు కూరిన కొలాచీ బన్నుల డబ్బా బల్లమీద పెట్టి మొదలుపెట్టింది.

"ఏమయ్యా గిల్బర్టూ, ఈ ఆరోగ్య బీమా ఫారాలు మూడు రకాలట. అన్నీ తేవాలా?"

"అక్కర్లేదు. సర్కారు నడిపే బీమా మార్కెట్లో సొంతంగా బీమా కొనుక్కున్నవాళ్లకి 'ఏ' ఫారం వస్తుంది. అదొక్కటీ తప్పకుండా కావాలి. మిగతావి దాచుకుంటే చాలు."

"తేకపోతే జైలా?"

"జైలెందుకు వెర్నా? రావాల్సిన డబ్బు ఆగిపోతుంది, అంతే."

"మరి అందులో నేను కొనని పాలసీ ధర కూడా వేస్తారేం? చెప్పులు కొనుక్కోబోతే పక్కవాడి చెప్పుల ధర నాకెందుకు?"

వరసలో నవ్వులు. గిల్బర్ట్‌కీ నవ్వొచ్చింది.

"అది కొలబద్ద. సర్కారు సాయం ఎంతివ్వాలో దాన్నిబట్టి లెక్కేస్తారు. పక్క గడిలో ఉన్నది ఇప్పటికే ఇచ్చిన సాయం."

"ముందు అనుకున్నంత సంపాదన రాకపోతే?"

"సాయం తక్కువ అందినట్టు. మిగతాది ఇప్పుడిస్తారు."

అప్పుడు గిల్బర్ట్‌కి తట్టింది. "ఆగాగు. నువ్వు ముసలాళ్లకిచ్చే సర్కారు బీమా, ఆ మెడికేర్‌లో చేరి రెండేళ్లయిందిగా? ఈ ఫారంతో నీకేం పని?"

వెర్నా ముందుకి వంగింది. ఆవిడ గుసగుసలాడటం ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"మెల్లగా ఏడువు. వెనక కంచెలు వేసే ఆర్లెన్ ఉన్నాడు. ఈ ఏడు పనుల్లేవు. ఆ కవరు చూసి, డబ్బు కట్టమన్నారనుకుని విప్పనైనా విప్పలేదట, బీమా మానేస్తానంటున్నాడు. అడగమంటే నామోషీ. నాకేం, నన్నెలాగూ మొద్దనే అంటారు."

గిల్బర్ట్ డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. ఓ కొలాచీ తీసి కొరికాడు.

ఆ జవాబులన్నీ విన్న ఆర్లెన్ ముందుకొచ్చి, కోటు జేబులోంచి నలిగిన కవరు తీసి, తనే విప్పి, బల్లమీద పెట్టాడు. లెక్క తేలేసరికి కట్టాల్సింది ఏమీ లేదు, పైగా మరమ్మతుకిచ్చిన ట్రక్కు విడిపించుకునేంత తిరిగి రావాల్సుంది. "బీమా ఉంచుకుంటానయ్యా," అన్నాడతను, నవ్వు ఆపుకోలేక.

అది చూసి వరసలో మరో ఇద్దరు మెల్లగా తమ సంచుల్లోంచి విప్పని కవర్లు తీశారు. గిల్బర్ట్ ఇంటికి ఫోను చేసి, భోజనానికి రానని చెప్పేశాడు.